దిగని ముద్ద

మిష్రిఫ్,
శనివారం

ప్రేమగల హసన్‌బీ అక్కకు,

నీ చెల్లెలు విజయదుర్గ రాస్తున్నాను. రాయచోటిలో నువ్వూ బావా చల్లగా ఉన్నారనుకుంటాను. ఈ కాలంలో కాగితం మీద రాసి పంపడమేమిటని నవ్వుకోకు. ఫోనులో మాట్లాడదామంటే లుల్వా ఎప్పుడూ నా పక్కనే ఉంటుంది. దానికి తెలుగు ఎంత బాగా అర్థమవుతుందో నీకు తెలియనిది కాదు. ఈ అరబ్బుల ఇంట్లో నువ్వు పనిచేసిన రోజుల్లో, పాలు తాగే వయసు నుంచి నాలుగేళ్లు నిండేదాకా నీ ఒళ్ళో పెరిగిన పిల్ల. నువ్వు నేర్పిన మాటలకు ఆ తర్వాత నేను మరికొన్ని నేర్పాను. ఇది అది వినకూడని సంగతి. అందుకే రాసి డ్రైవరు అన్వర్ బాషా చేతికి ఇస్తున్నాను. ఫొటో తీసి నీ నంబరుకు పంపుతానన్నాడు.

అక్కా, లుల్వా అన్నం తినడం లేదు. మారాం కాదు, తినలేకపోతోంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటే నమిలి నమిలి గంజి చేసి, కళ్ళు గట్టిగా మూసుకుని మింగుతుంది. వెంటనే నీళ్లు. మళ్ళీ ముద్ద, మళ్ళీ నీళ్లు. రొట్టె ముట్టుకోదు. మాంసమైతే ప్లేటు అంచుకు నెట్టేస్తుంది. బడికి కట్టిన డబ్బా కట్టినట్టే తిరిగి వస్తుంది. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు. పోయినేడు కుట్టించిన యూనిఫాం ఈ ఏడు కూడా సరిపోయింది. దాన్ని కన్నతల్లి, మన యజమానురాలు మామా అది చూసి, పిల్ల నా పోలికే, నాజూకు అని మురిసిపోతుంది.

మామాకు ఎందుకు తెలియలేదని అడుగుతావు. ఆమె మిర్కాబ్‌లో ఆఫీసు నుంచి వచ్చేసరికి మా భోజనాలు అయిపోయి ఉంటాయి. ఆమె చూసేది ఖాళీ ప్లేటు. ఆ ప్లేటు ఖాళీ చేసేది నేను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. లుల్వా నాయనమ్మ, పెద్ద మామా ఒకసారి, సరిగ్గా తినకపోతే ఆస్పత్రిలో ముక్కులోంచి గొట్టం వేసి పోస్తారని బెదిరించింది. ఆ రోజే లుల్వా నా చెయ్యి పట్టుకుని, "దుర్గా, మామాకు చెప్పొద్దు" అని ఒట్టు వేయించుకుంది. నేను మాంసం మిక్సీలో వేసి, అన్నంలో కలిపి, పలచగా చేసి స్పూనుతో పెడతాను. దిగినంత దిగుతుంది. మిగిలింది నేను తింటాను, లేదంటే పారేస్తాను. ఎండాకాలం సెలవుల నుంచి ఇదే తంతు.

మొన్న బుధవారం ఏమైందో చెబుతాను. అన్నంలో చిన్న కోడి ముక్క ఒకటి నా చూపు తప్పిపోయింది. లుల్వా మింగింది. మింగి లేచి నిలబడింది. మాట్లాడదు. గుండెల మధ్య వేలు పెట్టి చూపిస్తోంది. ఊపిరి ఆడుతోంది కానీ నోట్లో ఊరిన ఉమ్ము కూడా లోపలికి పోవడం లేదు, గడ్డం మీదుగా కారుతోంది. దాని కళ్ళు నా మీదే ఉన్నాయి. నేను వీపు నిమురుతూ నిలబడ్డాను. ఎంతసేపయిందో తెలియదు, ఒక్కసారిగా వాంతి అయి ముక్క బయటపడింది. అప్పుడు తెలుగులోనే చెప్పింది, "ఇక్కడ రాయి ఉంది దుర్గా" అని.

మా పిన్నమ్మ ఇట్లాగే ముద్ద దిగకే పోయింది. అన్నవాహికలో క్యాన్సరని కడపలో చెప్పారు. అప్పటి నుంచి అదే గుర్తొస్తోంది. పిల్లలకు కూడా వస్తుందా అక్కా?

ఏం చేయాలో తోచక, నిన్న సాయంత్రం దిష్టి తీశాను. వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టి, గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని చుట్టూ తిప్పి, పొయ్యి మీద వేశాను. చాలాకాలానికి లుల్వా పకపకా నవ్వింది. కానీ ఆ ఘాటుకు పెద్ద మామా దగ్గుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. ఆ చూపే నాకు భయంగా ఉంది.

నీ కాలంలో కూడా లుల్వా ఇట్లా చేసేదా? నాకు పని అప్పగించేటప్పుడు ఇంట్లో అందరి గుణాలూ చెప్పావు గాని ఈ సంగతి ఎప్పుడూ అనలేదు. తెలిసింది చెప్పు. నీ జవాబు కోసమే చూస్తుంటాను.

కంటి మీద కునుకు లేని నీ చెల్లెలు,
విజయదుర్గ


మిష్రిఫ్,
ఆదివారం

హసన్‌బీ అక్కా,

వారం గడిచినా నువ్వు పలకలేదు. నా ఉత్తరం చేరిందనీ, నువ్వు చదివావనీ అన్వర్ అన్న చెప్పాడు. చదివి కూడా ఎందుకు ఊరుకున్నావో నాకు అర్థం కాలేదు. ఇంకెవరికి రాయాలో తెలియక మళ్ళీ నీకే రాస్తున్నాను. ఇప్పుడు నా దగ్గర ఫోను లేదు. మేడ మీద నా గదికి బయట తాళం వేసి ఉంది. ఈ కాగితం తలుపు కింద నుంచి అన్నకు తోస్తాను.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఇంటి నిండా చుట్టాలు. పెద్ద పళ్ళెంలో మజ్బూస్ పెట్టి, మసాలా అన్నం మీద కోళ్ళు పరిచి, అందరూ చుట్టూ కూర్చున్నారు. పెద్ద మామా లుల్వాను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. నేను గుమ్మం దగ్గర నీళ్ల సీసాలు పట్టుకుని నిలబడ్డాను. లుల్వా నా వైపే చూస్తోంది. "మాబీ, మాబీ" అంటోంది, వద్దు వద్దని. "ఎముకల గూడులా ఉన్నావు, తిను" అంటూ పెద్ద మామా కోడి తొడలోంచి ఇంత ముక్క పీకి దాని నోట్లో పెట్టింది. అందరూ చూస్తున్నారని సిగ్గుపడి, పిల్ల సరిగ్గా నమలకుండానే మింగేసింది.

దాని ముఖం చూడగానే నాకు తెలిసిపోయింది. పరుగెత్తాను. దాని తండ్రి, బాబా వీపు మీద చరుస్తున్నాడు. ఎవరో నీళ్లు తాగించారు, ఆ నీళ్లు ముక్కులోంచి వచ్చేశాయి. ఉమ్ము ధారగా కారుతోంది. కారులో ఎత్తుకెళ్ళారు. నేను కూడా ఎక్కబోతే పెద్ద మామా నా భుజం పట్టి వెనక్కి నెట్టింది.

ఆస్పత్రిలో మత్తు ఇచ్చి, కెమెరా ఉన్న గొట్టం లోపలికి పంపి ముక్క తీశారట. పిల్ల బతికింది. ఆ మాట విని వంటింటి నేల మీదే కూలబడి ఏడ్చాను. నా ఏడుపు తీరకముందే నన్ను హాల్లోకి పిలిచారు. మామా ఫోనులో వీడియో. వంటింటి కెమెరాలోది. నేను లుల్వా చుట్టూ గుప్పిట తిప్పుతున్నాను, నా పెదవులు కదులుతున్నాయి, తర్వాత పొయ్యిలోంచి పొగ. చూస్తుంటే నాకే భయం వేసింది అక్కా. నేనేనా అది అనిపించింది.

"సెహర్" అంది పెద్ద మామా. చేతబడి అని.

"కాదు, కాదు" అన్నాను. దిష్టిని అరబ్బీలో ఎట్లా చెప్పాలి? కన్ను తగిలితే తీసేది అని చెప్పబోయి, నా కంటి మీద వేలు పెట్టుకుని "ఐన్, ఐన్" అన్నాను. నేనే నా కన్నుతో పిల్లను కొట్టానని చెబుతున్నాననుకున్నారు. బాబా లేచి నిలబడ్డాడు. మామా ముఖం తెల్లగా పాలిపోయింది. నా పెట్టె తెచ్చి నేల మీద బోర్లించారు. చీరల మధ్య మా అమ్మ కట్టిచ్చిన వీభూది పొట్లం బయటపడింది. దాన్ని చేత్తో ముట్టుకోకుండా పట్టకారుతో ఎత్తి సంచిలో వేశారు.

అన్నిటికన్నా భయపెట్టిన మాట ఇంకొకటి ఉంది. డాక్టరు లుల్వా లోపలి నుంచి సన్నటి ముక్కలు గిల్లి పరీక్షకు పంపాడట. "నువ్వేం తినిపించావో అందులో తేలుతుంది. అప్పుడు పోలీసులే మాట్లాడతారు" అన్నాడు బాబా. నేను విషం పెట్టలేదు. కానీ దిష్టి తీసినరోజు ఆ వీభూది చిటికెడు దాని నాలుక మీద రాశాను. మంచి జరగాలని రాశాను. అది ఆ ముక్కల్లో కనిపిస్తుందా? కనిపిస్తే ఎవరు నమ్ముతారు నన్ను? కేసు పెడితే ఏమవుతుందో, ఎన్నాళ్ళు లోపల ఉంచుతారో, మా ఇంటికి ఎవరు చెబుతారో...

అన్వర్ అన్న తలుపు అవతల నిలబడి చెప్పాడు. "దుర్గమ్మా, బుధవారం రిపోర్టులకు ఈళ్ళందరూ ఆస్పత్రికి పోతాండారు. తాళంచెవి యాడ పెడ్తారో నాకు ఎరికే. కారు తీసేముందు నీ తలుపు తీసిపెడ్తా, ఎనక గేటూ తీసిపెడ్తా. నువ్వు ఎంబసీకి పో. ఎనక్కి తిరిగి సూడొద్దు."

పారిపోతే తప్పు చేసినట్టే అవుతుందని తెలుసు. పారిపోయిందని కేసు పెడితే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం పోతుందనీ తెలుసు. అయినా పోవాలనే నిశ్చయించుకున్నాను. ఆ రిపోర్టులు వచ్చేసరికి నేను ఈ ఇంట్లో ఉండలేను.

ఒక్క సాయం చెయ్యి. మామాకు ఫోను చెయ్యి. నువ్వు చెబితే వింటుంది. దిష్టి అంటే ఏమిటో నీ నోటితో చెప్పు. నీకు దండం పెడతాను.

తాళం వేసిన గదిలోంచి,
విజయదుర్గ


రాయచోటి,
మంగళవారం

నా చెల్లెలు దుర్గకు,

హసన్‌బీ రాస్తున్నాను. తమ్ముడు అన్వర్ బాషా దీన్ని కాగితం మీదికి ఎత్తి రాసి నీ తలుపు కిందికి తోస్తానన్నాడు.

నీ మొదటి ఉత్తరం చదివి ఎందుకు పలకలేదో ముందు చెప్పాలి. భయపడ్డాను. నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. దాన్ని ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

మీ బావకు జబ్బు చేసిందని పని మానేసి వచ్చానని నీకు చెప్పాను కదా. అది అబద్ధం. మామా నన్ను పంపించేసింది. లుల్వా చంటిపిల్లగా ఉన్నప్పటి నుంచీ పాలు తాగితే కక్కేది. మోచేతుల మడతల్లో చర్మం పొక్కిపోయేది. చలికాలం వస్తే ఉబ్బసం. మూడేళ్ళకు బుక్కెడు తిని, గుండెల మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేది. పిల్లకు పాలు పడటం లేదు మామా, కొన్నాళ్ళు ఆపి చూద్దాం అన్నాను. డాక్టరు కడుపులో పులుపు ఎక్కువైందని మందు ఇచ్చాడు. నేను మళ్ళీ అన్నాను. మూడోసారి అనేసరికి, నా బిడ్డను నువ్వు పస్తు పెడుతున్నావా అని మామా అరిచింది. ఆ తర్వాత మూడు వారాలకు నువ్వు వచ్చావు. నా చేతులతోనే నీకు పని నేర్పించి, నవ్వుతూ విమానం ఎక్కాను. పనిమనిషిని తరిమేశారంటే ఊళ్ళో ఏమనుకుంటారో నీకు తెలుసు.

నీకు చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో. ఆ బాధ నన్ను తింటోంది.

ఈరోజు పొద్దున మామాకు ఫోను చేశాను. దిష్టి సంగతి చెప్పాను. ఆ పిల్ల కోసం నేనూ ఉప్పు తిప్పినదాన్నేనని చెప్పాను. పాల సంగతి కూడా మళ్ళీ చెప్పాను. ఆమె అంతా విని, ఫోను పెట్టేసింది.

నా మాట పని చేసినట్టు లేదు తల్లీ. నువ్వు వెళ్ళిపో. లుల్వాకు వాళ్ళున్నారు, డాక్టర్లున్నారు. నీకు అక్కడ ఎవరూ లేరు.

నీ మీద ప్రాణం పెట్టుకున్న,
హసన్‌బీ


మిష్రిఫ్,
గురువారం

అక్కా,

నేను పోలేదు. ఎందుకు పోలేదో మొదటి నుంచీ చెబుతాను, తొందరపడకు.

బుధవారం పొద్దున అన్న మాట తప్పలేదు. తాళం తీసి ఉంది. ఒక జత బట్టలు సంచిలో పెట్టుకుని వెనక మెట్ల మీదుగా దిగాను. గేటు ఓరగా తీసి ఉంది. నాలుగు అంగలు వేస్తే బయటపడేదాన్ని. అప్పుడు కారు దగ్గర లుల్వా ఏడుపు వినిపించింది.

ఆస్పత్రి నుంచి వచ్చాక అది అన్నం ముట్టలేదట. నీళ్లు కూడా గుక్క గుక్కకీ భయపడుతూ తాగుతోందట. నోట్లో ఉమ్ము ఊరితే మింగకుండా కాగితం రుమాలులో ఉమ్ముతోంది. కారు ఎక్కనని తలుపు పట్టుకుని వేలాడుతోంది. మళ్ళీ గొట్టం వేస్తారని దాని భయం. నేను గోడ మలుపు దాకా వెళ్ళి చూశాను, అది నన్ను చూసింది. మామా కూడా చూసింది, నా చేతిలో సంచితో సహా. ఇక అయిపోయింది అనుకున్నాను. మామా కళ్ళు వాచిపోయి ఉన్నాయి. తాళం ఎవరు తీశారని అడిగే ఓపిక కూడా లేనట్టు, "ఎక్కు. నువ్వు ఎక్కితే అది ఎక్కుతుంది" అంది.

కారులో లుల్వా నా పక్కన కూర్చుంది కానీ నన్ను తాకలేదు. తర్వాత తెలుగులో, ముందు కూర్చున్నవాళ్ళకు అర్థం కాకుండా అడిగింది, "దుర్గా, ఆ రాయి నువ్వే పెట్టావా?"

అక్కా, పోలీసుల మాటకూ తాళానికీ నేను అంత వణకలేదు. "లేదు బంగారూ" అన్నాను. అది తల ఊపింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు.

ఆస్పత్రి దగ్గర కారు ఆపి, వాళ్ళు ముందు నడుస్తుంటే అన్వర్ అన్న నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "ఆ పక్కనే టాక్సీలుండాయి. యల్లా, పో. ఇంగ ఇట్లాంటి సందు దొరకదు." నేను టాక్సీల వైపు చూశాను. నిజం చెబుతున్నాను, కాళ్ళు అటే లాగాయి. కానీ ఆ పిల్ల ఆ ప్రశ్నతోనే పెరుగుతుందని తలచుకుంటే, వాళ్ళ వెనకాలే లోపలికి నడిచాను.

డాక్టరమ్మ పెద్దావిడ. తెర మీద లుల్వా అన్నవాహిక లోపలి ఫొటో పెట్టింది. పంపు గొట్టానికి ఉన్నట్టు వలయాలు వలయాలుగా ఉంది. నిలువునా గీతలు. అక్కడక్కడా ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. ఆ తెలుపు చూడగానే నేను రాసిన వీభూదే అనుకున్నాను. బాబా కూడా దానినే వేలితో చూపించి, "ఆ తెల్లది ఏమిటి?" అని గట్టిగా అడిగాడు. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు.

"బయటి నుంచి వచ్చింది కాదు. పిల్ల ఒంట్లో కణాలే" అంది డాక్టరమ్మ.

ఆమె చెప్పింది నాకు తెలిసినంతలో రాస్తున్నాను. ఈ జబ్బు పేరు ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్. చాలా అరుదు. మన రక్తంలో ఒక రకం తెల్లకణాలు ఉంటాయట, అలర్జీ ఉన్నచోటికి చేరేవి. అన్నవాహికలో అవి ఉండనే కూడదు. లుల్వాకు అక్కడ గుంపులుగా చేరాయి. చేరి గోడలు వాచి, బిరుసెక్కి, దారి సన్నబడింది. అందుకే ముద్ద ఇరుక్కుంటుంది. తినే వాటిలో ఏదో ఒకటి పడకపోవడం వల్లే ఇదంతా. ఉబ్బసమూ, చర్మం పొక్కడమూ ఉన్న పిల్లల్లో ఎక్కువ చూస్తామంది. విషం కాదు, క్యాన్సర్ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు.

"ఎప్పటి నుంచి తినడానికి ఇబ్బంది పడుతోంది?" అని డాక్టరమ్మ మామాను అడిగింది.

"ఇబ్బందే లేదు. రోజూ ప్లేటు ఖాళీ చేస్తుంది" అంది మామా.

అప్పటికి నేను బయటపడ్డట్టే అక్కా. విషం కాదని డాక్టరే చెప్పేసింది. నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ ఆ జవాబు మీద మందు రాస్తే పిల్ల ఏమైపోతుంది? నాకు వచ్చిన అరబ్బీలోనే మొదలుపెట్టాను. ప్లేటు ఖాళీ చేసేది నేనని చెప్పాను. నమలడం, నీళ్లు, మిక్సీలో మాంసం, అంతకుముందు ఇంట్లో ఇరుక్కున్న కోడి ముక్క, లుల్వా వేయించుకున్న ఒట్టు, నాలుక మీద వీభూది, అన్నీ. చెబుతుంటే బాబా కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. డాక్టరమ్మ చెయ్యెత్తి ఆయనను ఆపింది. పాలు తాగితే కక్కడం గురించి నువ్వు రాసింది కూడా చెప్పాను, హసన్‌బీ చెప్పింది అని నీ పేరు పెట్టే చెప్పాను. ఆమె అన్నీ రాసుకుంది.

చివరికి నా వైపు తిరిగి, "నువ్వు దాచకపోతే ఈ పిల్ల చాలా ముందే నా దగ్గరికి వచ్చేది. నువ్వు అట్లా మెత్తగా చేసి పెట్టకపోతే ఇంకా ముందే ఇరుక్కునేది. రెండూ నిజమే" అంది.

ఆ మాటలో మొదటి సగం నాకు రావలసిందే. అది నేను మోస్తాను.

లుల్వా మామా ఒళ్ళో కూర్చుని ఇదంతా వింది. వస్తుంటే వరండాలో నా కొంగు పట్టుకుంది. అంతే.

ఇంటికి వచ్చాక మామా ఒక్కతే నా గదికి వచ్చింది. తప్పయిందని అనలేదు. మంచం అంచున కూర్చుని, ఆ వీడియో నా కళ్ళ ముందే తీసేసింది. నా ఫోను, పొట్లం తిరిగి ఇచ్చింది. తర్వాత నేల చూస్తూ అంది, "హసన్‌బీ నాకు అప్పుడే చెప్పింది. మూడుసార్లు చెప్పింది. తల్లినైన నాకు తెలియంది దానికెట్లా తెలుస్తుందని కోపం వచ్చింది నాకు." చాలాసేపు ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను కానీ దగ్గరికి పోలేదు. ఆ తాళం చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది.

నీకు ఫోను చేస్తానంది. చేస్తే ఎత్తు అక్కా. నీ ఇష్టమైతేనే.

నీ మాట వినకుండా లోపలికి నడిచిన నీ చెల్లెలు,
విజయదుర్గ


మిష్రిఫ్,
చలికాలం మొదలు

హసన్‌బీ అక్కకు,

ఇప్పుడు ఫోను ఉంది, మాట్లాడుకుంటూనే ఉన్నాం. అయినా ఈ ఒక్కటి రాయాలనిపించింది. మాటల్లో చెబితే మధ్యలో ఏడ్చేస్తాను.

వైద్యం మొదలుపెట్టినప్పుడు ఇంత భయం ఉంటుందని అనుకోలేదు. లుల్వా ఉబ్బసానికి ఆవిరి పట్టే బుడ్డి మందు నీకు గుర్తుందా, ఆ మందే ఇక్కడా ఇచ్చారు. కానీ పీల్చకూడదు. తేనెలో చిక్కగా కలిపి చెంచాతో మింగించాలి. అది అన్నవాహిక గోడకు పట్టుకుని, జారుతూ జారుతూ దిగాలి. ఆ తర్వాత అరగంట దాకా నీళ్లు కూడా ఇవ్వకూడదు. పాలూ గోధుమా పూర్తిగా మానిపించారు. బిస్కెట్టు పాకెట్టు మీద రాసింది చదవకుండా ఇంట్లోకి ఏదీ రానివ్వడం లేదు మామా. పెద్ద మామా మొదట్లో, పాలు తాగకుండా పిల్ల ఎట్లా బతుకుతుందని గొడవ చేసింది. ఇప్పుడు చుట్టాలు ఎవరైనా చాక్లెట్టు ఇవ్వబోతే ఆమే లాక్కుంటుంది.

మందు మొదలుపెట్టిన కొన్నాళ్ళకు లుల్వా నాలుక మీద తెల్లటి పొర కట్టింది. నా ప్రాణం పైకే పోయింది, మామా కంగారులో కారు తాళాలు పడేసుకుంది. మందు నోట్లో మిగిలిపోవడం వల్ల పూసిందట. మందు వేసుకున్నాక నోరు పుక్కిలించి ఉమ్మాలట. మేం ఇద్దరం ఆ డాక్టరమ్మ ముందు పిచ్చివాళ్ళలా నవ్వాం. మామాతో కలిసి నవ్వడం నాకు అదే మొదటిసారి.

మొన్న మళ్ళీ మత్తు ఇచ్చి గొట్టం వేసి చూశారు. ఆ గది బయట కూర్చుని మామా నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేంత గట్టిగా. నేను వెనక్కి తీసుకోలేదు. డాక్టరమ్మ బయటికి వచ్చి, వాపు చాలా తగ్గిందనీ, తెల్ల చుక్కలు లేవనీ చెప్పింది. ముక్కల రిపోర్టు వచ్చాక కూడా ఆ కణాలు బాగా తగ్గాయనే తేలింది. పూర్తిగా పోయే జబ్బు కాదంది. అణిచి ఉంచాలి. మందు ఆపితే, తినకూడనిది తింటే, మళ్ళీ వస్తుంది. దారి మళ్ళీ సన్నబడితే బెలూనుతో వెడల్పు చేయవలసి రావచ్చు. ముందు పాలు, తర్వాత గోధుమ, ఒక్కొక్కటే తిరిగి ఇచ్చి చూస్తారట. ఇచ్చిన ప్రతిసారీ మళ్ళీ ఆ గొట్టం. భయం మాకు ఇంకా చాలా బాకీ ఉంది అక్కా.

నా సంగతి అడుగుతున్నావు. వచ్చేస్తావా, ఉంటావా అని. మామా ఉండమని అడిగింది, ఆజ్ఞలా కాదు, అడిగింది. ఇఖామా గడువు దాకా ఉంటానన్నాను. ఆపైన ఇంటికి వచ్చేస్తాను. నాకు కోపం పోయిందో లేదో నాకే తెలియదు. అందుకే మందు కలపడం, ముక్కలు చేయడం, అన్నీ మామాకే నేర్పిస్తున్నాను. ఇప్పుడు సాయంత్రం మందు ఆమే వేస్తుంది. మొదట తేనె నేల మీద ఒలికిపోయేది, ఇప్పుడు లేదు.

ఒకటి మాత్రం చెప్పి ముగిస్తాను. జబ్బు తగ్గినా లుల్వా మాంసం ముట్టుకోలేదు. దారి తెరుచుకుందని డాక్టరు చెప్పింది, పిల్ల నమ్మలేదు. మేం కూడా నమ్మలేదు. అది ముద్ద ఎత్తితే మామా, నేను, పెద్ద మామా, అందరం దాని గొంతు వైపే చూస్తాం. అది మింగేదాకా మాకూ గుటక పడదు. నిన్న మధ్యాహ్నం వంటింట్లో మేమిద్దరమే ఉన్నాం. నేను అన్నం, కోడి కూర పెట్టాను. ఎప్పటిలాగే ముక్కలు చిదపబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"దుర్గా, నువ్వు నన్ను చూడొద్దు. అటు తిరిగి కూర్చో."

"ఎందుకు బంగారూ?"

"నువ్వు చూస్తే నాకు భయం వేస్తాది."

మన ఊరి మాటే అక్కా, అచ్చం నీలాగే అంది. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. జీవితంలో అంత కష్టమైన పని చేయలేదు. వీపంతా చెవులైపోయింది. స్పూను ప్లేటుకు తగిలిన చప్పుడు. నమిలే చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఏమీ లేనప్పుడల్లా లేచి తిరిగిపోవాలనిపించింది, రెండు చేతులతో స్టూలు పట్టుకున్నాను. మళ్ళీ స్పూను. గ్లాసు ఎత్తిన చప్పుడు కోసం చూశాను, రాలేదు. నీళ్లు తాగకుండానే తింటోంది. గోడ మీది టైల్స్ మధ్య గీతలు చూస్తూ, ఊపిరి బిగబట్టి, ఎంతసేపు కూర్చున్నానో.

చివరికి వెనక నుంచి నా వీపు మీద చిన్న చెయ్యి పడింది. మసాలా అంటిన చెయ్యి, నా రవిక మీద అచ్చు పడింది.

"ఖలాస్" అంది లుల్వా.

నీ చెల్లెలు,
విజయదుర్గ